ఆఖరి అంకె దగ్గర పేచీ

భిలాయి సెక్టార్ క్వార్టర్లలో, పిల్లలు చదువులకని వెళ్ళిపోయాక మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌లకు కొదవ లేదు. పారేయడానికి మనసొప్పదు, అమ్మబోతే ధర రాదు. అలాంటి కంప్యూటర్‌ని సైన్సు పరిశోధనకు అరువివ్వవచ్చని తెలిసినవాళ్ళు ఉత్సాహంగా మొదలుపెడతారు. నాలుగు రోజులకే తెరమీద ‘కంప్యుటేషన్ ఎర్రర్’ అని వరసగా కనిపించేసరికి, తప్పంతా తమ పాత పెట్టెదే అనుకుని ఆపేస్తారు. చాలాసార్లు పెట్టె తప్పేమీ ఉండదు.

అరువిచ్చే పద్ధతి తేలికే. పరిశోధకుల సర్వర్ పెద్ద లెక్కని వేల ముక్కలు చేసి ఇళ్ళకు పంపుతుంది. మన యంత్రం తీరిక వేళల్లో తన వాటా లెక్క చేసి, గడువులోగా జవాబు తిప్పి పంపుతుంది. 1999 మేలో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు గ్రహాంతర జీవుల రేడియో సంకేతాలు వెతకడానికి మొదలుపెట్టిన ‘సెటీ ఎట్ హోమ్’తో ఇది లోకానికంతా తెలిసింది. అందులోంచే డేవిడ్ ఆండర్సన్ నాయకత్వంలో ‘బోయింక్’ అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పుట్టింది. సెటీ 2020 మార్చి 31న కొత్త పని పంపడం మానేసింది. బోయింక్ మాత్రం ఇప్పటికీ ఎన్నో ప్రాజెక్టులను మోస్తోంది.

పేచీలు పైపైనే, ప్రోగ్రాము మన యంత్రంలో నడవడం దగ్గరే మొదలవుతాయి. ఆక్స్‌ఫర్డ్ నుంచి 2003లో మొదలైన ‘క్లైమేట్ ప్రెడిక్షన్’ బ్రిటన్ వాతావరణ శాఖ నమూనాలను ఇళ్ళలో నడిపిస్తుంది. ఫోర్ట్రాన్‌లో రాసిన పాత ప్రోగ్రాములవి, 32 బిట్ల కాలానివి. 64 బిట్ల లినక్స్‌లో 32 బిట్ల లైబ్రరీలు విడిగా వేయకపోతే పని మొదలైన క్షణాల్లోనే చతికిలబడుతుంది. ఆపిల్ అయితే 2019లో కాటలీనాతో 32 బిట్ల ప్రోగ్రాములకు తలుపే మూసేసింది. వాతావరణ నమూనాని తిరగరాయడమంటే సరదా పని కాదు. రాసినవాళ్ళలో కొందరు ఎప్పుడో రిటైరైపోయి ఉంటారు కూడా.

కణభౌతిక పరిశోధనశాల సర్న్ వాళ్ళు మరో దారి పట్టారు. వాళ్ళ ‘అట్లాస్’ ప్రయోగం పనిని విండోస్‌లో చేయాలంటే వర్చువల్‌బాక్స్ ఉండాలి. మన కంప్యూటర్‌లోనే మరో ఉత్తుత్తి కంప్యూటర్ లేచి, దానిలో వాళ్ళకు అలవాటైన లినక్స్ నడుస్తుంది. ఆలోచన బాగుంది కానీ, ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సౌకర్యం ఉండీ బయాస్‌లో ఆపేసి ఉంటే పని ముందుకు కదలదు. విండోస్‌లోని హైపర్‌-వీ ఆ సౌకర్యాన్ని ముందే పట్టుకుని కూర్చుంటే అదో గొడవ. గిగాబైట్ల కొద్దీ మెమరీ అడుగుతుంది కాబట్టి మూలనున్న పెట్టెకి ఇది తగిన పని కాదు.

గ్రాఫిక్స్ కార్డు సంగతి ఒక్క మాటలో: బోయింక్‌ని విండోస్ ‘సర్వీస్’గా పెట్టుకుంటే అది కార్డుని వాడుకోలేదు. చాలామందికి ఈ ముక్క తెలియక డ్రైవర్లు మారుస్తూ కూర్చుంటారు.

అసలు లోతైన పేచీ వేరే ఉంది. అన్నీ సరిగ్గా నడిచి, ఎర్రర్ ఏదీ రాకుండానే రెండు మంచి కంప్యూటర్లు రెండు జవాబులు చెప్పడం.

జెనీవా దగ్గర భూమి కింద 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లను తిప్పే సర్న్ యంత్రం ఎల్‌హెచ్‌సీ ఇంకా కడుతుండగానే, కణాల పుంజం ఎంతసేపు నిలకడగా ఉంటుందో ముందే లెక్కగట్టాల్సి వచ్చింది. ‘సిక్స్‌ట్రాక్’ అనే ప్రోగ్రాము కొన్ని కణాలను లక్ష నుంచి పది లక్షల చుట్లు తిప్పి చూస్తుంది. 2004లో దీన్నే ‘ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్’ పేరుతో ఇళ్ళకు పంపారు. ఎవరి మెమరీ చెడిందో, ఎవరు దొంగ జవాబు పంపారో తెలియదు కనుక ఒకే ముక్కని ఇద్దరికిచ్చి, జవాబులు కలిస్తేనే ఒప్పుకుంటారు. తీరా చూస్తే, ఏ లోపమూ లేని యంత్రాల జవాబులే కలవలేదు.

కంప్యూటర్ దశాంశ సంఖ్యని సుమారు 16 అంకెల దాకానే దాచుకుంటుంది, మిగతాది సవరించి వదిలేస్తుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఎలా సవరించాలో 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ఖాయం చేసింది. సైన్, లాగరిథమ్ వంటి ప్రమేయాలను మాత్రం ఆ కట్టుబాటులోకి తేలేదు. భిలాయి రైలుమిల్లు పట్టా, ఎక్కడో తయారైన చక్రానికి సరిపోతోందంటే పట్టా తల ఆకారం ముందే ఖాయమై ఉండబట్టే. ఈ ప్రమేయాలకు అలాంటి కొలత లేక, ఒక్కో లైబ్రరీ ఒక్కోలా చివరి అంకె తేల్చింది. పాత ఇంటెల్ తరహా ప్రాసెసర్లు మధ్యలో 80 బిట్లతో లెక్కచేయడం మరికొంత తోడైంది. 16వ అంకెలో ఒకటి తేడా అంటే ఎవరికి పట్టింది? పట్టేది అస్థిర కక్ష్యలో ఉన్న కణానికే. ఆ తేడా చుట్టు చుట్టుకీ పెరిగి, ఒక కంప్యూటర్‌లో కణం దారితప్పి పోతుంది, ఇంకో కంప్యూటర్‌లో తిరుగుతూనే ఉంటుంది.

ఫ్రాన్స్‌లో లియాన్ పరిశోధకులు తయారుచేసిన ‘సీఆర్‌లిబ్‌ఎం’ దీనికి మందయింది. ప్రమేయం విలువని ప్రతిసారీ అన్నిటికన్నా దగ్గరి సంఖ్యకే సవరించే గణిత లైబ్రరీ అది. దాన్ని సిక్స్‌ట్రాక్‌లో కూర్చి, కంపైలర్‌ని కూడా అదుపులో పెట్టాక ఇంటెల్ అయినా ఏఎండీ అయినా చివరి బిట్ దాకా ఒకే జవాబు వచ్చింది. బోయింక్‌లో ఇంకో ఉపాయమూ ఉంది. ఒక ముక్క మొదట ఏ తరహా యంత్రానికి వెళితే, రెండో ప్రతి కూడా అదే తరహా ప్రాసెసర్, అదే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నవాళ్ళకే వెళ్తుంది. మీది అరుదైన రకమైతే జత దొరికేదాకా ఫలితం పెండింగులోనే ఉంటుంది. నన్నడిగితే మొదటిదే వైద్యం, రెండోది సర్దుబాటు.

పాత పెట్టెకి ‘ఐన్‌స్టైన్ ఎట్ హోమ్’ నప్పుతుంది. వర్చువల్‌బాక్స్ అడగదు, గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా మామూలు ప్రాసెసర్‌కి పని ఇస్తుంది. 2010లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, జర్మనీలోని మైంజ్ ఊళ్ళో ఔత్సాహికుల కంప్యూటర్లు అరెసిబో టెలిస్కోపు సమాచారంలోంచి కొత్త పల్సార్‌ని పట్టింది దీనితోనే. లైగో డిటెక్టర్ల సమాచారంలో గురుత్వ తరంగాలను వెతికేదీ ఇదే. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లైగో-ఇండియా మన పక్క రాష్ట్రం మహారాష్ట్ర హింగోలి జిల్లాలోనే రాబోతోంది.

ఖర్చు లెక్క చూసుకోండి: 100 వాట్లు లాగే పెట్టె పది గంటలు నడిస్తే ఒక యూనిట్. మే నెలలో ఇక్కడి ఎండకి ఫ్యాను గోల పెడుతుంది కనుక, బోయింక్ సెట్టింగుల్లో రాత్రి పదినుంచి తెల్లవారుజాము ఆరు దాకానే పని అని పెట్టి, ప్రాసెసర్ కోర్లలో సగమే దానికి వదలండి. గడువు సాధారణంగా రెండు వారాలు ఉంటుంది, సరిపోతుంది.