ఇరుసు చుట్లను లెక్కపెట్టిన యంత్రం

1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగివస్తున్న రైలింజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదాని మీదకొకటి ఎక్కి అంటుకున్నాయి. తలుపులకు తాళాలు వేసి ఉండడంతో యాభై మందికి పైగా లోపలే కాలిపోయారు. ఆ రోజుల్లో ఇరుసులు ఇలాగే, రోజూ మోసే బరువు కిందే, ముందుగా ఏమాత్రం వంగకుండా విరిగేవి. విరిగినచోట రేణువులు తళతళ మెరుస్తుంటే, కుదుపులకు ఇనుము నారతనం పోయి స్ఫటికంగా మారిందని చాలామంది ఇంజనీర్లు నమ్మారు. నిజానికి ఇనుము పుట్టుకతోనే స్ఫటికాల కూర్పు. ఇరుసు మందం హఠాత్తుగా మారే మూల దగ్గర పగులు మొదలై లోపలికి పాకుతోందని 1843లోనే స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్ చెప్పాడు. అయినా ఆ ఇరుసు ఇంకెన్నాళ్లు నిలుస్తుందన్నది కంటిచూపుతో తేలేది కాదు. అది తేల్చడానికి పుట్టిన యంత్రం, బలమంటే ఎంత బరువుకు విరుగుతుందన్న ఒక్క అంకె కాదని, ఆ బరువు ఎన్నిసార్లు పడిందన్న లెక్క కూడా అందులో భాగమేనని రుజువు చేసింది. ఇంజనీరింగ్ చరిత్రలో అది ఆవిరి యంత్రానికి ఏమాత్రం తీసిపోదు.

దాన్ని నిర్మించినవాడు ప్రష్యాలో ఒక రైల్వే సంస్థ బండ్ల బాధ్యత చూసిన ఆగస్ట్ వోలర్. ఆయన మొదట నడుస్తున్న బండి ఇరుసులకే పరికరం బిగించి, దారిలో అవి ఎంత వంగుతున్నాయో జింకు రేకు మీద గీతలుగా పట్టాడు. తర్వాత యంత్రం మీద పరీక్షలు మొదలుపెట్టి 1870 దాకా సాగించాడు. తిరిగే కడ్డీ చివర నమూనాను బిగించి, దాని కొసను స్ప్రింగుతో ఒక పక్కకు లాగి ఉంచుతారు. నమూనా తిరుగుతుంటే దాని పైభాగంలోని ప్రతి చోటూ చుట్టుకొకసారి సాగి, ఒకసారి నొక్కుకుంటుంది. ఇరుసుకు జరిగేదీ అదే. నిమిషానికి 70 చుట్ల లెక్కన పది లక్షల చుట్లకు దాదాపు పది రోజులు కావాలి. ఆ ఓపికకు గొప్ప ఫలితమే దక్కింది. ఒక్కసారి లాగితే లోహం తట్టుకునే దానికన్నా చాలా తక్కువ భారం కూడా, చుట్లు పెరిగితే, దాన్ని తెంచేస్తుంది. భారం తగ్గించేకొద్దీ ఆయుష్షు పెరుగుతుంది. ఇనుము, ఉక్కులకు ఒక హద్దు దిగువన పరీక్ష ఆపేదాకా ఏమీ కాదు.

తీగను అటూ ఇటూ వంచి తెంచిన ప్రతివారికీ తెలిసిందే కదా, ఇందులో కొత్తేముంది అనవచ్చు. తీగ కళ్లముందే వంగి, వంగినట్టే ఉండిపోతుంది. వోలర్ నమూనా మీది భారం తీస్తే అది మునుపటిలా నిటారుగా నిలిచేది, అయినా చివరికి తెగేది. నష్టం ఎక్కడ దాగుతోందో 1903లో ఈవింగ్, హంఫ్రీ సూక్ష్మదర్శిని కింద చూపారు: స్ఫటికాల్లో పొరలు జారి గీతలు పడుతున్నాయి, ఆ గీతలే పగుళ్లవుతున్నాయి.

అసలైన అభ్యంతరం వేరు. ప్రయోగశాలలో తేలిన లెక్క నిజమైన వస్తువుకు వర్తిస్తుందా? కామెట్ జెట్ విమానం క్యాబిన్ భాగాన్ని తయారీదారులు వేలసార్లు ఉబ్బించి చూశారు, నిలిచింది. 1954 జనవరిలో ఎల్బా దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర రెండు కామెట్లు ఆకాశంలోనే ముక్కలయ్యాయి. మరో కామెట్‌ను ఫార్న్‌బరోలో నీటితొట్టిలో పెట్టి పరీక్షిస్తే, అంతకుముందు ఎగిరినవీ కలిపి 3,057 ప్రయాణాల లెక్కకు చిరిగిపోయింది. తయారీదారుల నమూనాను అంతకుముందే మామూలుకు రెట్టింపు ఒత్తిడికి గురిచేశారు. దాంతో కిటికీల మూలల్లో లోహం గట్టిపడి, లేని ఆయుష్షు చూపింది. కాబట్టి లెక్కించే పద్ధతి తప్పు కాదు, నమూనా గతాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం తప్పు.

హద్దు సంగతి ఇంకా తేలలేదు. సెకనుకు 20,000 సార్లు కంపించే నేటి యంత్రాలు వంద కోట్ల ఆవృత్తులను 14 గంటల్లో ముగిస్తాయి. వాటిలో గట్టి ఉక్కులు పాత హద్దుకు దిగువనే, పైభాగం నుంచి కాక లోపలి మలినపు రేణువు దగ్గర మొదలై తెగుతున్నాయి. అందుకే పగులు ముందే ఉందనుకుని, అది ఒక్కో ఆవృత్తికి ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం అంత విలువైనది. దాన్ని 1960ల మొదట్లో ఇచ్చిన పాల్ పారిస్ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పిపంపాయి. ఇవాళ మన రైల్వేలోనూ ఇరుసుల్లో పగుళ్లను అల్ట్రాసోనిక్ తరంగాలతో వెతుకుతారు. రెండు తనిఖీల మధ్య ఇరుసును ఎన్ని కిలోమీటర్లు నడవనివ్వవచ్చో తేల్చాలంటే, ఆ తరంగాలకు చిక్కే అతి చిన్న పగులు ప్రమాదకరంగా పెరగడానికి ఎన్ని చుట్లు పడుతుందో తెలియాలి.