మెడనొప్పికి ఇంటివైద్యము

మామిడి కాపు కాలము వచ్చినదనగా కావేరిపట్టణపు చుట్టుప్రక్కల తోటలలో తెల్లవారకమునుపే పని యారంభమగును. కాయలు కోయువారు తలపైకెత్తి కొమ్మలవంక చూచుచుందురు. గంపలు మోయువారు నెత్తిన చుట్టకుదురుంచి బరువునెత్తుకొందురు. కాయలనేరి వేరుచేయు స్త్రీలు తలవంచుకొని గంటలకొలది కూర్చుందురు. సాయంకాలమునకు ఈ ముగ్గురికిని నొచ్చునది మెడయే. తోటపని లేనివారికి ఆ బాధ తప్పినదని యనుకొనరాదు. చేతిలోని సెల్‌ఫోనువంక తలవంచి కూర్చున్నవారికిని, తలగడమీద తలగడ వేసికొని పండుకొని చదువు బాలునకును వచ్చునది ఆ నొప్పియే. మెడ పట్టినదని మనమందుము. పొరుగువారు సుళుక్కు అందురు.

మెడలోని వెన్నుపూసలు ఏడు. అంత పొడవు మెడగల జిరాఫీకిని ఏడే! పెద్దవారి తల సుమారు 5 కిలోలు తూగును. అది నిటారుగానున్నంతసేపు ఆ బరువు పూసలమీద చక్కగా నానుకొనియుండును. ముందునకు వంగినకొలది దానిని పడిపోకుండ వెనుకనుండి పట్టియుంచు పని కండరములపై బడును. నిండుబిందెను చంకనెత్తుకొనుటకును, చేయి చాచి పట్టుకొనుటకును గల భేదము తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు. 60 డిగ్రీలు వంగిన తలవలన మెడపై బడు భారము సుమారు 27 కిలోలని న్యూయార్కు శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కకట్టెను. ఇది గణితమువలన తేలిన అంచనాయే గాని, బ్రతికియున్న మనుష్యుని మెడలో తూచినది కాదు. అయినను నొప్పి యెచటనుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు చాలును.

ఇట్టి సామాన్యమైన నొప్పి చాలమందికి కొలది దినములలోనో, కొన్ని వారములలోనో తగ్గిపోవును. పూర్వము కదలక మంచముననే యుండుమనెడివారు. నేటి వైద్యులు అట్లనరు. బాధ పెరుగనంతవరకు మెడను మెల్లగా కదల్చుచు, రోజువారీ పనులు చేసికొనుచుండుటయే మేలు. ఉప్పును మూకుడులో వేడిచేసి గుడ్డలో మూటగట్టి, మొదట ముంజేతికి తాకించి చూచుకొని, మెడకు 15 నిమిషములు కాపడము పెట్టవచ్చును. వేడినీట పిండిన తువ్వాలయు అంతే పనిచేయును. మెడ పట్టినప్పుడు కొందరు తలగడను ఎండలో వేయుదురు. తలగడకు కాక మెడకే ఆ వేడి చూపినయెడల ఫలము త్వరగా కలుగునని నా మనవి.

మందులేని చికిత్స తెలుగువారికి క్రొత్తది కాదు. జర్మనీ దేశీయుడగు లూయీ కూనే ప్రకృతిచికిత్సా గ్రంథమును 1894లోనే డి. వెంకటాచలపతి శర్మగారు తెలుగు చేసిరి. రోగములన్నిటికిని మూలమొక్కటేయను కూనే సిద్ధాంతమును నేటి శాస్త్రమంగీకరింపదు. ఉప్పు కాపడమునకు ఆ సిద్ధాంతముతో పనియు లేదు.

కాపడముకంటె నిలుకడగా మేలుచేయునది వ్యాయామము. గోడకు వీపానించి నిలుచుండి, చూపు నెదుటనే నిలిపి, గడ్డమును క్రిందికి వంచక తిన్నగా వెనుకకు జరుపవలెను. అద్దములో చూచుకొన్నచో గడ్డము క్రింద రెండవ గడ్డము కనబడును. నవ్వు వచ్చినను మానరాదు. 5 లెక్కించునంతసేపు అట్లుంచి వదలవలెను. ఇట్లు 10 మారులు, దినమునకు రెండు మూడు పర్యాయములు చేయవచ్చును. పిదప అరచేతిని నొసటనుంచి, తలతో చేతిని, చేతితో తలను, రెండును కదలకుండునట్లు మెల్లగా నొత్తవలెను. ప్రక్కలకును, వెనుకకును ఇట్లే. చేయుచుండగా నొప్పి చేతిలోనికి ప్రాకినచో వెంటనే విరమింపవలెను.

తలగడ విషయము చాలమంది తలంపరు. ప్రక్కకు తిరిగి పండుకొన్నప్పుడు చెవికిని మంచమునకును నడుమగల ఖాళీ నిండునంత ఎత్తు చాలును. వెల్లకిల పండుకొనువారికి అంతకంటె తక్కువ యుండవలెను. బోర్లపండుకొనుట మెడను రాత్రియంతయు మెలిపెట్టుటయే.

ఇక చేయరానిది ఒకటి గలదు. కొన్ని క్షౌరశాలలలో తల రెండుచేతుల బట్టి గిరుక్కున త్రిప్పి ఎముకలు విరుచుదురు. హాయిగానుండుననుట నిజమే. కాని మెదడునకు రక్తము తీసికొనిపోవు నాళములు మెడపూసల రంధ్రములగుండనే పోవుచున్నవి. ఆ కుదుపునకు వాని లోపొర చినిగి, రక్తము గడ్డకట్టి, పక్షవాతము వచ్చుట కలదు. అది అరుదే, అయినను వచ్చినవానికి అరుదన్నది ఊరట కాదు. మీ కుమారులకు ఈ మాట తప్పక చెప్పుడు.

చేయి తిమ్మిరెక్కి పట్టు తప్పుచున్నను, నడక తూలుచున్నను, చెట్టునుండియో మోటారుసైకిలునుండియో పడినపిదప నొప్పి పుట్టినను ఇంటివైద్యము కూడదు. జ్వరముతో మెడ బిగిసి గడ్డము రొమ్మునకు వంగనిచో మెదడుపొరల వాపు కావచ్చును. ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను. రొమ్ములో నొప్పి పుట్టి మెడకును, దవడకును, ఎడమచేతికిని ప్రాకినప్పుడును అంతే.

పిల్లల సంచి సంగతి చెప్పక తీరదు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ననుసరించి తమిళము తప్పనిసరి, ఆంగ్లము రెండవది. మాతృభాష నాల్గవ భాగమున ఐచ్ఛికము. కావున మన బిడ్డ సంచిలో పొరుగు బిడ్డ సంచికంటె ఒక పుస్తకము హెచ్చు. “మెడ నొచ్చుచున్నదన్నా, తెలుగు మానిపింతునా?” అని ఒక తల్లి నన్నడిగినది. సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదని 2020లో కేంద్ర ప్రభుత్వపు బడిసంచి విధానము చెప్పినది. 30 కిలోల బిడ్డకు 3 కిలోలు. పుస్తకముల బరువు తగ్గించుటకే తమిళనాడు ప్రభుత్వము 2012-13లో ముప్పర్వ పద్ధతిని తెచ్చినది. ఆ తల్లితో సంచి తెప్పించి చూడగా, ఆనాటి పట్టికలో లేని పుస్తకములు నాలుగు, నిండు నీటిసీసా యొకటి, మిగిలిపోయిన పాత నోటుపుస్తకములు మూడు బయటపడినవి. తెలుగు వాచకము వానిలో నన్నిటికంటె పలుచనిది. రాత్రి పట్టిక చూచి సంచి సర్దవలెను. బరువైన పుస్తకము వీపునకానునట్లుంచి, పట్టీలు రెండును రెండు భుజములకు తగిలించి, సంచి నడుము దిగువకు వ్రేలాడకుండ బిగింపవలెను. బడిలో నీరున్నచో సీసాను ఖాళీగనే పంపవచ్చును.