వీధి పేరుపలకయు, జవాబు రాని యుత్తరమును

వీధికి పేరుండుట సామాన్య విషయముగా దోచును. ఆ పేరు ఏ లిపిలో వ్రాయవలయునను ప్రశ్న పుట్టినప్పుడు మాత్రము అది సామాన్యముగా నుండదు. పేరుపలక బాటసారికి దారి చూపును. ఆ వీధిలో కాపురముండువారికి ఇది తమ తావని తెలుపును. తన భాష పలకపై కనబడినవాడు గౌరవము పొందినట్లు తలచును. కనబడనివాడు తన యూరిలోనే తాను పరాయివాడనని నొచ్చుకొనును. కావున పలకపై రెండవ భాష వ్రాయుదమా, వలదా యని నిర్ణయించుటకు ముందు అచ్చటివారిని ఉత్తరము ద్వారా అడుగు పద్ధతి కొన్ని దేశములలో ఏర్పడినది. అడుగుట యెట్లు? వచ్చిన జవాబులను లెక్కించుట యెట్లు? రాని జవాబులను ఏమి చేయవలయును? ఈ మూడు ప్రశ్నలను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు వివరించుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

భాషల కలయిక మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మహబూబాబాదును పెద్దలు నేటికిని మానుకోట యనియే పిలుతురు. జనగామ రైలు స్టేషనులో ఊరి పేరు ఒకటియే యైనను దానిని తెలుగు, హిందీ, ఆంగ్ల లిపులలో చదువవచ్చును. మన పట్టణములలో తెలుగుతో పాటు ఉర్దూ వినబడును. తండాలలో లంబాడీ, అడవి పల్లెలలో కోయభాష వినబడును. పలక విషయమున కలుగు నొప్పి యెట్టిదో తెలుగువారు తామే యెరుగుదురు. నిజాముల రాజ్యమున ఉర్దూ రాజభాషగా నుండెను. ప్రజలలో తక్కిన యే భాషవారికంటెను తెలుగువారే యెక్కువగా నున్నను కచ్చేరీలలో వారి భాషకు స్థానము లేకుండెను. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఒక వక్త తెలుగున మాటలాడబోగా సభలోని కొందరు ఎగతాళి చేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జన సంఘము పుట్టినది. నాడు చిన్నచూపునకు గురియైన భాష నేడు రాష్ట్రభాషయై యున్నది. చిన్నచూపు ఎట్టిదో యెరిగినవారికి ఇతరుల భాషయెడల న్యాయము చూపవలసిన బాధ్యత అధికము.

మన దేశమున ఈ విషయములు సాధారణముగా జనసంఖ్యను బట్టి నిర్ణయింపబడును. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లో భారత ప్రభుత్వము ఒక విజ్ఞాపన పత్రమును వెలువరించి, ఒక ప్రాంతమున నూటికి 15 నుండి 20 మంది వరకు వేరు భాషవారున్నచో ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో గూడ ప్రచురించుట మేలని తెలిపెను. ఉర్దూ విషయమునను ఇట్లే జిల్లాయే కొలమానమయ్యెను. పూర్వపు పది జిల్లాలలో తొమ్మిదింట దానికి రెండవ అధికారభాష స్థానముండగా ఖమ్మము జిల్లాలో లేకుండెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఖమ్మమునకు చెందిన గార్ల, బయ్యారము మండలములు మహబూబాబాదు జిల్లాలో చేరినవి. అనగా ఒకే జిల్లాలో ఒక భాగమున ఉర్దూకు ఆ స్థానము కలదు, మరియొక భాగమున లేదు. 2017లో రాష్ట్రమంతటికిని ఉర్దూను రెండవ అధికారభాషగా చేయుటతో ఈ భేదము తొలగెను. ఇందు గమనింపదగిన విషయమేమన, జిల్లా లెక్క జిల్లాకు సరిపోవును గాని వీధికి సరిపోదు. నూటికి ఐదుగురే ఉర్దూవారున్న పట్టణములో గూడ ఒక వీధి నిండ వారే యుండవచ్చును. వీధి సంగతి తెలియవలెనన్నచో వీధినే అడుగవలయును.

ఇట్లు వీధిని అడుగు పద్ధతిని చక్కగా తెలిసికొనుటకు ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమును చూడవలెను. అచ్చట జనులలో చాల మంది మాటలాడునది ఆంగ్లము. ఐరిష్ భాషను ప్రేమించి నేర్చుకొనువారును కలరు. ఆ రెండు వర్గముల నడుమ మతమును, రాజకీయమును కలిసిన పాత వైరము కలదు. 1949 నాటి చట్టము వీధి పలకలపై ఆంగ్లము తప్ప వేరొక భాషను నిషేధించెను. 1995లో ఆ నిషేధము తొలగి, ఆంగ్లముతో పాటు మరియొక భాషలో గూడ పేరు వ్రాయుటకు నగర పాలక సంఘములకు అధికారము కలిగెను. అయితే ఆ వీధిలోని యిండ్లలో నున్నవారి యభిప్రాయమును గమనింపవలయునని చట్టము చెప్పెను. ఆ యభిప్రాయమును తెలిసికొనుటకే ఇంటింటికి ఉత్తరములు పంపు పద్ధతి వచ్చినది.

ఆ నగరము మొదట పెట్టుకొనిన నియమము మిక్కిలి కఠినమైనది. ముందుగా వీధిలోని వోటర్లలో మూడవ వంతు మంది సంతకములతో అర్జీ పెట్టవలెను. పిమ్మట పాలక సంఘము వారికి ఉత్తరములు పంపును. వోటర్ల జాబితాలోని వారిలో మూడింట రెండు వంతుల మంది ఔనన్న గాని రెండవ భాష పలక కెక్కదు. లెక్క తేటపడుటకు ఒక వీధిని ఊహించుకొందము. అందు 60 మంది వోటర్లున్నారు. 24 మంది ఔననిరి, ఆరుగురు కాదనిరి, 30 మంది జవాబే వ్రాయలేదు. జవాబిచ్చిన 30 మందిలో 24 మంది, అనగా ఐదింట నాలుగు వంతులు, పలకను కోరినారు. అయినను 60లో మూడింట రెండు వంతులు 40 గనుక కోరిక నెరవేరదు. ఉత్తరమును బల్లపై పెట్టి మరచినవాడు, ఊరికి పోయినవాడు, జబ్బుపడినవాడు, అందరును కాదన్నవారితోడనే లెక్కింపబడిరి.

2022లో ఆ నగరము నియమమును మార్చెను. ఒక్క నివాసి గాని, ఒక్క సభ్యుడు గాని కోరినను ఉత్తరములు పంపబడును. నూటికి 15 మంది ఔనన్నచో చాలును. మన 60 మంది వీధిలో ఇది తొమ్మండుగురు. మొదట వీగిపోయిన కోరికయే యీ నియమము క్రింద సులభముగా గెలుచును. అయితే మరియొక సంగతి గలదు. తొమ్మండుగురు ఔననగా తక్కిన 51 మందియు కాదన్నను ఆ పరిమితి దాటినట్లే. అందుచేత పలక పెట్టుటకును మానుటకును తుది విచక్షణను పాలక సంఘము తన చేతిలో నుంచుకొనినది. అల్పసంఖ్యాకుల భాషను అధికసంఖ్యాకుల యిష్టముపై విడువరాదని క్రొత్త నియమమును మెచ్చువారు చెప్పుదురు. ఎక్కువమందికి ఇష్టము లేని పలక ఇరుగుపొరుగు స్నేహమును చెరచునని దానిని వ్యతిరేకించువారు చెప్పుదురు. రెండు వాదములందును సారము గలదు. ఇరువురును ఒప్పుకొనదగినది ఒకటి గలదు: మౌనమును ఔనుగా గాని, కాదుగా గాని లెక్కించుట న్యాయము కాదు. మౌనమునకు కారణములు పెక్కులు. దాని యర్థమును లెక్కించువాడు తనకు నచ్చినట్లు నిర్ణయింపరాదు.

మన జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని ఏనాడైన ఇట్టి ఉత్తరము పంపదలచినచో ఈ సంగతులను మనస్సున నుంచుకొనవలెను. మొదటిది, ఉత్తరము రెండు భాషలలోను ఉండవలెను. ఉర్దూ పలక కావలెనా యని ఉర్దూ మాత్రమే చదువు ముసలమ్మను తెలుగులో అడుగుట హాస్యాస్పదము. రెండవది, ప్రశ్న ఒకటియే యుండి, అడుగువాని కోరిక అందు తొంగిచూడకుండవలెను. మూడవది, ఇంటి యజమానికి ఒక కాగితము పంపి ఊరకుండక, ఇంటిలోని ప్రతి వయోజనునకును, స్త్రీలకును వేరువేరుగా పంపవలెను. నాల్గవది, తపాలా ఖర్చు జవాబు వ్రాయువానిపై పడకుండ జవాబు కవరును జతపరుపవలెను. ఐదవది, ఎవరేమి వ్రాసినారో ఇరుగుపొరుగునకు తెలియరాదు. ఆరవది, లెక్కించు నియమమును ఉత్తరములు పంపుటకు ముందే చాటవలెను; జవాబులు చూచిన పిమ్మట నియమము చేయుట ఆట ముగిసిన తరువాత గీత గీయుట వంటిది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. చదువురానివారికి ఉత్తరము మూగది. లంబాడీ, కోయ భాషలను మన పక్క ఎవరైన వ్రాసినచో తెలుగు లిపిలోనే వ్రాయుదురు. ఆ భాషలు మాటలాడు పెద్దలలో పెక్కురు ఏ లిపియు నెరుగరు. అట్టివారి యింటికి ఉత్తరముతో పాటు వారి భాష వచ్చిన మనిషియు పోవలెను. లేనియెడల జవాబు రాలేదని వ్రాసికొందుమే గాని, అసలు మనము వారిని అడిగియే యుండము. తన కష్టమును ఏ యధికారికైనను దేశమున గాని, రాష్ట్రమున గాని వాడుకలో నున్న యే భాషలోనైన విన్నవించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతి మనుష్యునకును ఇచ్చినది. చెప్పుకొనువానికి అంతటి హక్కు ఉండగా, అడుగువాడు ఎదుటివాని భాషలో అడుగుట కనీస ధర్మము.

విద్యార్థులారా! పదునెనిమిది యేండ్లు నిండని మీకు ఇట్టి యుత్తరము రాదు. మీ వోటు లెక్కకు రాదు. అయినను మీ యింట మొదట చదువు నేర్చినవారు మీరే కావచ్చును. ప్రభుత్వము నుండి గాని, పురపాలక సంఘము నుండి గాని కాగితము వచ్చినప్పుడు దానిని అవ్వకును, తాతకును ఉన్నదున్నట్లు చదివి వినిపింపుడు. వారు చెప్పిన జవాబును మీ యభిప్రాయము కలుపక వారి మాటలలోనే వ్రాసి, గడువులోపల తపాలా డబ్బాలో వేయుడు. పొరుగింటి వృద్ధులకును ఈ సాయము చేయుడు. అప్పుడు లెక్కలో మౌనముగా మిగిలిపోవు ఇండ్లలో ఒకటైన తగ్గును.