కాలిన మచ్చకు కుట్టించుకునే మందు

మీకు తెలుసా? కాలిన గాయం మానాక దాని మీద ఎర్రగా, గట్టిగా లేచి, రాత్రుళ్లు నిద్రపట్టనీయని దురద పెట్టే మచ్చకు వాడే చికిత్సల్లో ఒకటి మందుల దుకాణంలో సీసాగానో ట్యూబుగానో దొరకదు. కొలతలిచ్చి కుట్టించుకోవాలి. దాని పేరు ప్రెషర్ గార్మెంట్. చేతికైతే గ్లవ్, కాలికైతే మేజోడు, ఛాతీకైతే ఒంటికి అంటుకుపోయే బనీను, ముఖానికైతే కళ్లు, ముక్కు, నోరు వదిలేసిన తొడుగు. సాగే గుణమున్న బట్ట మచ్చను పగలూ రాత్రీ ఒత్తిపట్టి ఉంచుతుంది. చికిత్స అంతా ఆ ఒత్తడంలోనే ఉంది.

ఈ బట్ట పుట్టింది మాత్రం మచ్చల కోసం కాదు. అమెరికాలో టోలెడో నగరంలో కాన్రాడ్ జోబ్‌స్ట్ అనే మెకానికల్ ఇంజనీరు ఉండేవాడు. కాళ్ల సిరల్లో రక్తం నిలిచిపోయి పుండ్లు పడే జబ్బుతో బాధపడేవాడు. ఈతకొలనులో నిలబడితే నొప్పి తగ్గుతోందని ఆయనే కనిపెట్టాడు. నీటి ఒత్తిడి లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి వచ్చేకొద్దీ తక్కువగా పడుతుంది. ఇంజనీరు కదా, ఆ లెక్కను బట్టలోకి ఎక్కించి, 1950 ప్రాంతంలో కాళ్లకు మేజోళ్లు చేయించాడు. తర్వాత 1968లో, టెక్సస్‌లోని బ్రూక్ సైనిక ఆసుపత్రిలో సిల్వర్‌స్టీన్ అనే వైద్యుడు కాలిన గాయాలున్న ఒక రోగికి సిరల జబ్బు కోసమే అలాంటి మేజోడు తొడిగించాడు. తీసి చూస్తే దాని కింద ఉన్న మచ్చ మెత్తబడి, చదునైంది. అదే రాష్ట్రంలో, గాల్వెస్టన్ ఊళ్లోని ష్రైనర్స్ పిల్లల కాలిన గాయాల ఆసుపత్రిలో డుయేన్ లార్సన్ బృందం ఈ పద్ధతిని పట్టుకుని వాడి చూసింది. 1971లో వాళ్లు ప్రచురించిన వ్యాసం తర్వాత ప్రపంచమంతా కాలిన గాయాల వార్డుల్లో ఇది మామూలు చికిత్స అయింది.

అయితే కాలిన ప్రతివాళ్లకూ ఇది అక్కర్లేదు. ఎవరికి కావాలో చెప్పేది గాయం మానడానికి పట్టిన రోజుల లెక్క. రెండు వారాల్లోపు మానిన గాయం సాధారణంగా పొంగదు. అమెరికాలో 1983లో వెలువడిన ఒక అధ్యయనంలో, 14 నుంచి 21 రోజుల మధ్య మానిన చోట్ల మూడోవంతు ఉబ్బు మచ్చలయ్యాయి. 21 రోజులు దాటాక మానిన చోట్లయితే 78 శాతం. లోతుగా కాలిన చోట సర్జన్లు ఊరికే ఎదురుచూడకుండా తొందరగా చర్మం అతికించేయడానికి ఇదీ ఒక కారణం. కాలిన వెంటనే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టమని చెప్పేదీ ఇందుకే. వేడి లోపలికి దిగకపోతే గాయం లోతు తగ్గుతుంది, త్వరగా మానుతుంది. టూత్‌పేస్టు, సిరా పూసేవాళ్లు ఆ విలువైన నిమిషాలనే పోగొట్టుకుంటారు.

ఉబ్బు మచ్చకూ, కీలాయిడ్ అనే మరో రకం పొంగే మచ్చకూ తేడా ఉంది. మొదటిది ఎంత పొంగినా గాయం గీసిన హద్దులోనే ఉంటుంది, ఏడాదో రెండేళ్లో గడిస్తే కొంత దానంతటదే అణుగుతుంది. కీలాయిడ్ హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతుంది. ముదురు రంగు చర్మం వాళ్లలో ఇది ఎక్కువ. చెవులు కుట్టించుకున్నాక తమ్మె దగ్గర గోలీకాయంత గడ్డ లేచినవాళ్లను చూసే ఉంటారు. దాన్ని కోసి తీసేసి ఊరుకుంటే మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అందుకే ఆపరేషన్ తర్వాత తమ్మెను రెండువైపులా నొక్కిపట్టే క్లిప్పు కమ్మల్ని నెలల తరబడి పెట్టిస్తారు. వాటితోపాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ ఉంటాయి.

మరి సిజేరియన్ గీత, అపెండిక్స్ గీత? వాటికి సాధారణంగా ఈ బట్టలు అక్కర్లేదు. గీత పొంగే సూచన కనిపిస్తే సిలికాన్ షీటో పేపర్ టేపో చాలు. ఆపరేషన్ తర్వాత పొట్టకు కట్టే బెల్టు వేరు. అది కదిలేటప్పుడు కుట్ల దగ్గర ఆసరాకే తప్ప మచ్చ కోసం కాదు.

ఒత్తితే ఏమవుతుంది? ఎర్రటి మచ్చను వేలితో నొక్కండి, తెల్లబడుతుంది. అందులో కొత్తగా పుట్టిన సన్న రక్తనాళాలు అవసరానికి మించి ఉంటాయి. కొల్లాజెన్ అనే మాంసకృత్తు దారాలు కూడా వరుసగా పేరుకోకుండా ఉండలు చుట్టుకుని ఉంటాయి. పైనుంచి ఒత్తిడి పడితే రక్తం తగ్గుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, కొల్లాజెన్ తయారీ మందగిస్తుంది, దురదా తగ్గుతుంది. ఇంతవరకూ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. లోపల జరిగే రసాయన కథ మీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఒత్తిడి ఎంత? బీపీ కొలిచే పాదరసపు లెక్కలోనే చెప్పుకుంటే 25 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. 40 దాటితే తిమ్మిర్లు రావచ్చు, చర్మం నాని చితికిపోవచ్చు. ఇక్కడే అసలు చిక్కు. ఒకే బట్టను ఒకే బిగుతుతో చుట్టినా సన్నటి మణికట్టు మీద ఒత్తిడి ఎక్కువ, వెడల్పాటి నడుము మీద తక్కువ. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ పేరుమీద ఉన్న సూత్రం ఇది. అందుకే రెడీమేడ్‌గా కొన్నది చాలామందికి సరిపోదు. మామూలు దర్జీ కొలతకు కాస్త వదులు కలిపి కుడతాడు. దీన్ని కుట్టేవాళ్లు కొలతలోంచి 10 నుంచి 20 శాతం కోసేసి కుడతారు. రొమ్ము ఎముక మీది పల్లం, చంక, వేళ్ల సందులు, నోటి చుట్టూ ఉన్న వంపులు బట్టకు అందవు. అక్కడ ఫోమ్ ముక్కో సిలికాన్ ముక్కో పెట్టి నింపాలి.

ముఖానికి మరో దారి ఉంది. 1979లో అమెరికా థెరపిస్టులు గట్టి పారదర్శక ప్లాస్టిక్ ముఖకవచాన్ని పరిచయం చేశారు. ముఖం అచ్చు తీసి, దాని మీద ప్లాస్టిక్‌ను వేడి చేసి దించుతారు. అద్దంలా ఉంటుంది కాబట్టి ఏ భాగం నొక్కుకుని తెల్లబడుతోందో, ఎక్కడ అందడం లేదో పైనుంచే తెలిసిపోతుంది. ఇప్పుడు కొన్నిచోట్ల అచ్చుకు బదులు స్కానర్‌తోనే కొలత తీస్తున్నారు. పిల్లల దవడ ఎదిగే వయసులో గడ్డం దగ్గర ఒత్తిడి పడుతుంటే దంతవైద్యుడు కూడా మధ్యమధ్య చూడాలి.

కష్టం తొడుక్కోవడంలో ఉంది. రోజుకు 23 గంటలు. స్నానానికి, నూనె మర్దనకు మిగిలేది ఒక్క గంట. ఇలా ఆరు నెలల నుంచి రెండేళ్లు, అంటే మచ్చ ఎరుపు పోయి, మెత్తబడి, చదునయ్యేదాకా. లోతుగా కాలిన చోటా, చర్మం అతికించిన చోటా చెమట గ్రంథులు ఉండవు కనుక మిగతా ఒళ్లే ఎక్కువ చెమటోడుస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇది తొడుక్కుని తిరగమంటే ఎవరికైనా విసుగే. మానేసేవాళ్లను తప్పుపట్టలేను. రెండు జతలుంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు. వేడినీళ్లు వద్దు, గట్టిగా పిండొద్దు, ఎండలో వద్దు, నీడనే ఆరేయాలి. మర్దన చేసిన నూనె చర్మంలోకి ఇంకాకే తొడుక్కోవాలి, జిడ్డు తగిలితే సాగే దారం పాడైపోతుంది. ఎంత జాగ్రత్తగా వాడినా రెండు మూడు నెలలకు పట్టు సడలుతుంది, కొత్తది కావాలి. ఎదిగే పిల్లలకు ఇంకా ముందే.

ఇంత శ్రమకు ఫలితం ఎంత? 2009లో అప్పటివరకూ వచ్చిన పరీక్షలన్నీ కలిపి చూసినవాళ్లకు మచ్చ ఎత్తులో కొద్దిపాటి తగ్గుదల తప్ప మొత్తం రూపంలో పెద్ద తేడా దొరకలేదు. మరుసటి ఏడాది అమెరికాలో 12 ఏళ్లపాటు ముంజేతి గాయాల మీద సాగిన ఒక పరిశీలన ఫలితాలు వచ్చాయి. ఒకే మచ్చలో సగానికి మంచి ఒత్తిడి, మిగతా సగానికి తక్కువ ఒత్తిడి ఇచ్చి పోల్చారు. బాగా ఒత్తిన సగం మెత్తగా, పలచగా ఉంది. అయితే ఆ తేడా కంటికి కనిపించింది ఓ మోస్తరు నుంచి బాగా పొంగిన మచ్చల్లోనే. నాకైతే ఈ రెండో పరిశీలనే నమ్మదగినదిగా తోస్తుంది. చిన్న మచ్చకు ఇంత తిప్పలు పడనక్కర్లేదని, పెద్ద మచ్చకు మాత్రం పడితే దక్కేది ఉందని అది చెబుతోంది.

ఏళ్లు గడిచి తెల్లబడిన పాత మచ్చకు ఈ బట్ట పనిచేయదు. పచ్చి పుండు మీద తొడగకూడదు. కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు, మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వైద్యుడు చెప్పకుండా వాడకూడదు. వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, బొబ్బలు లేచినా వెంటనే విప్పేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో ఎవరికైనా కాలిన గాయం మూడు వారాలు దాటినా మానకపోతే, ఆఖరి కట్టు విప్పే రోజున ఇంటికి బయల్దేరేముందు ప్లాస్టిక్ సర్జన్‌నో ఫిజియోథెరపిస్టునో ఒక్కమాట అడగండి: ప్రెషర్ గార్మెంట్ కావాలా, కావాలంటే ఎప్పటినుంచి?