అరుగులు కొట్టివేయక ముందే

తిరుత్తణి కొండ మీద కుమారస్వామిని దర్శించి, సంవత్సరమునకు దినములెన్నియో అన్నియని చెప్పుకొను 365 మెట్లును దిగి వచ్చు యాత్రికుడు, చేత కెమెరా ఉన్నచో దానిని గోపురము వైపునకే త్రిప్పును గాని, దిగువ వీథులలో పెంకులు జారి, దూలములకు చెదలు పట్టి, ఎట్లో నిలిచియున్న పాత ఇండ్ల వైపు త్రిప్పడు. ఈ అలవాటు నేటిది కాదు. దక్షిణదేశపు మొదటి రైలు రాయపురము నుండి తిరువళ్లూరు మీదుగా వాలాజా రోడ్డు వరకు నడిచిన 1856లోనే సర్కారువారు లిన్నేయస్ ట్రైపును మద్రాసు రాజధానికి ఛాయాగ్రాహకునిగా నియమించిరి. మైనము పట్టించిన కాగితపు నెగటివులతో ఆయన తీసిన మధుర, తంజావూరు చిత్రములు నేటికిని అద్భుతములే; అయినను ఆనాటి చూపు దేవాలయముల మీద, రాజమహళ్ళ మీద నిలిచినంతగా కాపురపు ఇంటి మీద నిలువలేదు.

తిరుత్తణి తాలూకా 1911 నుండి చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను ఇంటి కట్టుబడి మారలేదు: వీథి వైపు అరుగు, గడప దాటగనే నడవ, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, పైన, టేకు దూలముల మీద పలుచని ఇటుకలను అంచున నిలిపి మూలవాటుగా పేర్చి సున్నముతో అతికిన మద్రాసు మిద్దె. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు జన్మించిన ఊరని ఏటేట సభలు జరుపుకొను మనము, ఆ కాలపు తెలుగు గృహస్థు ఎట్టి అరుగు మీద కూర్చుండి పంచాంగము చూచెనో ఒక పటము చూపుమన్నచో తడుముకొనవలసినదే.

ఇంటిని పటము తీయువాడు కెమెరాను పైకెత్తరాదు. ఎత్తినంతనే గోడలు రెండును వెనుకకు ఒరిగి ఒండొంటిపై వాలును. వీథి ఇరుకైనచో ఎదురింటివారి నడిగి వారి మేడ యెక్కుట మేలు. మధ్యాహ్నపు మండువా కన్నులు మిరుమిట్లు గొలుపుచుండగా నడవ చీకటి గుయ్యారమై యుండును గనుక, ఆ రెండును ఒక్క పటములో ఇముడుటకు మబ్బు పట్టిన ఉదయమే అనుకూలము. ద్వారబంధము కడ మాత్రము ప్రక్కవాటు ఎండ కావలెను: అప్పుడు గదా పద్మము చెక్కిన ఉలిజాడయు, పొరలు పొరలుగా పేరుకొన్న పసుపును, తరతరముల పాదములకు నడుమ అరిగిన గడప పల్లమును కానవచ్చును! “బూజు దులిపినాక రా, నాయనా” అని ముసలమ్మ మొగమాటపడును. “అట్లే ఉండనీ అవ్వా” యని వేడుకొనవలెను.

అట్లని పెచ్చులూడిన గోడను అందముకొరకే తీసి మురియువారియందు నాకు గౌరవము తక్కువ. ఆ పెచ్చు లూడుట అనేకచోట్ల వయోభారము చేత కాదు. ఊపిరి పీల్చు సున్నపు గోడకు సిమెంటు పూసి లోని తేమను బంధించిన మన తెలివి చేత. గోడ మందము తెలియునట్లు ప్రక్కన ఒక కొలబద్ద నుంచుడు. దూలము గోడలో దిగిన చోటును, సున్నము రాలి ఇటుక బయటపడిన చోటును దగ్గరగా తీయుడు. పటము వెనుక తేదీ వ్రాయుడు. ఒక ప్రతిని ఇంటివారికి ఇచ్చి తీరవలెను. ఈశాన్యపు వానలకు మిద్దె కురిసినప్పుడు మేస్త్రీకి ఆ పటము చూపి, “ముందెట్లుండెనో అట్లే కట్టు” మని చెప్పవలసినవారు వారే గదా.