వెలిగారము – బోరాను – వేరు పెరుగుదల

తెలంగాణమునుండి వలసపోయిన నేత కుటుంబములనేకము సూరతు నగరమున స్థిరపడినవి. అద్దకపు మిల్లులకు పేరుపొందిన పాండేసరవంటి పారిశ్రామిక వాడలోని అంగడిలో తెలుగువాడు వెలిగారము కోరినచో, టంకణఖార్ అను గుజరాతీ నామముతో అడుగవలసియుండును. ఇది సంస్కృత టంకణ శబ్దభవము. కంసాలి బంగారము నతుకుటకు వాడు పదార్థమిదియే. వ్యవసాయ గ్రంథములలో బోరాక్సు అనబడునదియు నిదియే. ఇందలి మూలకము బోరాను.

ఈ మూలకము సస్యములకు అత్యవసరమని 1923లో ఇంగ్లాండునందలి రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమున కాథరిన్ వారింగ్టన్ చిక్కుడు జాతి మొక్కలపై పరిశోధించి నిరూపించెను. కాని మొక్కలో అది చేయు పని చాలకాలము స్పష్టపడలేదు. కణకవచమున పెక్టిను అను పదార్థముండును. ఆ పెక్టిను గొలుసులను రెండేసిగా బోరాను ముడివేయునని 1996లో తేలినది. వేరు కొనయందు కణములు నిరంతరము విభజనచెంది సాగుచుండును. క్రొత్త కవచము లేర్పడుచుండును. బోరాను లోపించినచో ఆ కవచములకు ముడి కుదురదు. కొన్ని గంటలలోనే వేరు సాగుట మందగించును, పిదప కొన మొద్దుబారి గోధుమవన్నె దాల్చును, పిల్లవేళ్లు కురుచబడును. పెక్కు సస్యములలో ముదురాకులందలి బోరాను లేత భాగములకు మరలిరాదు. కావున వేరు దానిని నేలనుండి ఎడతెగక గ్రహింపవలసినదే.

సున్నపుపాలు హెచ్చుగాగల నల్లరేగడులలో బోరాను వేరునకు సులభముగా నందదు. ఇసుక నేలలలో వానకు కొట్టుకొనిపోవును. ఎద్దడి వేళ దాని గ్రహణము మరింత తగ్గును. వేరుసెనగలో ఈ లోపమువలన పప్పు నడుమ గుల్లపడును.

అయితే చాలినంతకును విషమగునంతకును నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. ఇచ్చటనే మాట ప్రాధాన్యము వహించుచున్నది. నూరుపాళ్ల వెలిగారమున బోరాను సుమారు 11 పాళ్లు. బోరికామ్లమున సుమారు 17 పాళ్లు. ఒక కిలో బోరాను వేయుమన్నచో తొమ్మిది కిలోల వెలిగారము కావలెను. అనువాదకుడు బోరానును వెలిగారమని వ్రాసినచో పైరునకు తొమ్మిదవ వంతే అందును. వెలిగారమునకు మారుగా బోరికామ్లమని వ్రాసినచో మోతాదు ఒకటిన్నర రెట్లగును.

కావున పరిభాషలో ఈ మూడింటికిని మూడు పేర్లు నిలువవలెను. వెలిగారము, టంకణఖార్ ఒకే వస్తువునకు రెండు భాషల పేర్లు. వెలిగారము, బోరాను అట్లు కావు. ఒకటి పదార్థము, వేరొకటి అందలి మూలకము. ఈ భేదము నిఘంటువులో చెరిగినచో నష్టపడునది చేనిలోని వేరు.