ఒకే సాఫ్ట్‌వేరు – పెక్కు వెబ్‌సైట్లు

మన ఆలమూరు వంటి గ్రామములో గ్రంథాలయమునకొకటి, పాఠశాలకొకటి, దేవాలయమునకొకటి, సహకార సంఘమునకొకటి వెబ్‌సైట్లు కావలెననుకొందము. నాలుగింటికిని నాలుగు వేరువేరు ఏర్పాట్లు చేసికొనవలెనా? లేక ఒక్క ఏర్పాటుతోనే నాలుగింటిని నడుపవచ్చునా? నడుపవచ్చును. అది యెట్లు సాధ్యమగునో, అందలి లాభమేమో, అపాయమేమో నేనీ ప్రసంగమున విన్నవింతును. కంప్యూటరును తాకియెరుగని పెద్దలకు సైతము ఇది బోధపడరాని విషయము కాదు.

వెబ్‌సైటనగా మూడింటి కలయిక. మొదటిది వ్రాతలను పుచ్చుకొని, అడిగినవారికి పుటలుగా కూర్చి చూపెడు సాఫ్ట్‌వేరు. అనగా కంప్యూటరునకు మనమిచ్చు ఆజ్ఞల సముదాయము. రెండవది ఆ వ్రాతలు నిలువయుండు డేటాబేసు. దీనిని దస్తరముల బీరువా యనవచ్చును. మూడవది ఆ సైటు పేరేమి, భాషయేది, అందు వ్రాయుట కెవరికధికారము కలదు అను నియమముల పట్టిక. వీనిలో సైటు సైటునకు వేరుగా నుండవలసినవి కడపటి రెండే. మొదటిదానిని ఎన్ని సైట్లైనను పంచుకొనవచ్చును.

గోదావరి తీరవాసులకు ఇంతకంటె తెలిసిన యుపమానము వేరొకటున్నది. ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది; దాని స్థానమున నేడు బ్యారేజి యున్నది. నీటి నెత్తు కట్టడమొక్కటే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు వేరు, తూములు వేరు. ఆ నీరే వరిచేనికొక తీరున, కొబ్బరితోటకొక తీరున పారుచున్నది. ఊరూరికొక ఆనకట్ట నెవరును కట్టుకొనలేదు గదా!

తెలుగున దీనికి మంచి నిదర్శనము 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా. అది విజ్ఞానసర్వస్వము. దాని తోబుట్టువులలో విక్షనరీ నిఘంటువు, వికీసోర్సు పాత గ్రంథముల భాండారము. ఈ మూడును, ఇతర భాషలలోని 300కు పైగా వికీపీడియాలును, మీడియావికీ యను ఒక్క సాఫ్ట్‌వేరుపైననే నడచుచున్నవి. కంప్యూటర్లు అనేకములైనను ఆజ్ఞలును నియమముల పట్టికయు నొక్కచోటనే యుండును.

పాఠకుడొక పుటను కోరినప్పుడు ఆ కోరికతోపాటు సైటు పేరును వచ్చి చేరును. సాఫ్ట్‌వేరు మొదట ఆ పేరు చూచి, ఏ బీరువా తెరువవలెనో, ఏ నియమము చెల్లింపవలెనో నిశ్చయించుకొనును. నియమముల పట్టికలో ముందు అన్నింటికిని సామాన్యమైన నియమమును వ్రాసి, దాని క్రింద ఏ సైటునకు మార్పు కావలెనో దానికి మాత్రమే మార్పు వ్రాయుదురు.

ఉదాహరణమున కొకటి చెప్పెదను. ఇంగ్లీషు వికీపీడియాలో పుటపేరు మొదటి అక్షరమును సాఫ్ట్‌వేరు తనంత తానే పెద్దక్షరముగా మార్చును. నిఘంటువునకది పనికిరాదు. ఏలయన ఇంగ్లీషులో ‘పాలిష్’ అను మెరుగునకును, ‘పోలిష్’ అను పోలెండు దేశపు భాషకును వర్ణక్రమమొక్కటే; మొదటి అక్షరము చిన్నదా, పెద్దదా యనుటలోనే భేదము. కావున విక్షనరీలకు ఆ నియమమును తొలగించిరి. సాఫ్ట్‌వేరు మారలేదు, పట్టికలో నొక పంక్తి మారినది. అటులనే పాత పుస్తకపు పుట ఛాయాచిత్రమును ప్రక్కన పెట్టుకొని అక్షరములు సరిచూచు సదుపాయము వికీసోర్సునకు కలదు, వికీపీడియాకు లేదు.

దీనివలని లాభము స్పష్టము. దొంగలు జొరబడు సందొకటి కనబడిన, ఒక్కచోట పూడ్చినచో అన్ని సైట్లకును రక్షణ కలుగును. తెలుగువారు వ్రాతపని చూచుకొన్న చాలును. యంత్రపు పని వేరుగా తలకెత్తుకొననక్కరలేదు.

అపాయమును అంతటిదే. తలకాలువకు గండిపడిన, దిగువ చేలన్నియు చెడును. ఒక దోషము అన్ని సైట్లను ఒక్కమారుగ నిలిపివేయగలదు. అందుచేతనే మీడియావికీ క్రొత్త కూర్పును ముందు పరీక్షా సైట్లపైనను, పిమ్మట విక్షనరీ, వికీసోర్సు వంటివానిపైనను, తుదకు చాలవరకు వికీపీడియాలపైనను మూడు దినములలో వరుసగా ప్రవేశపెట్టుదురు. దోషము కనబడిన వెనుకకు మరలుదురు.

గ్రామ సంస్థలకింత పెద్ద యేర్పాటక్కరలేదు. వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరులో 2010లో వెలువడిన 3.0 కూర్పు మొదలు ఈ సదుపాయము చేరియున్నది. అందు వాడువారి పట్టిక యొక్కటే. ప్రతి సైటు వ్రాతలకును వేరు అరలు. అయితే క్రొత్త పనిముట్లను చేర్చు అధికారము ప్రధాన నిర్వాహకునిదే. పాఠశాలవారు కోరినది అతడు కాదనవచ్చును.

కావున పని మొదలిడుటకు ముందే పెద్దలు నాలుగు మాటలు కాగితముపై వ్రాసికొనవలెను. ప్రధానపు తాళపుచెవి ఇద్దరివద్ద నుండవలెను. పేరునకు ఏటేట కట్టవలసిన రుసుము ఏ నిధినుండి కట్టుదురో తేల్చుకొనవలెను. ప్రతి సంస్థ వ్రాతలకును వేరువేరు ప్రతులు వేరొక చోట భద్రపరుపవలెను. ఒకరు విడిపోదలచిన తమ వ్రాతలను తాము తీసికొనిపోవు హక్కుండవలెను.

సాఫ్ట్‌వేరు నేడొకటి, రేపొకటి. అదిపోయిన మరియొకటి తెచ్చుకొనవచ్చును. గ్రామపు చరిత్ర, పాత పట్టాల వివరములు, వృద్ధుల నోటి మాటలు ఒకమారు పోయిన తిరిగి రావు. ఆనకట్టను పంచుకొనుడు, గాదెకు మాత్రము ఎవరి తాళము వారు వేసికొనుడు.